ఘాటుకు ధర కట్టేదెప్పుడు?

కిలో గుంటూరు సన్నం మిర్చిలో మంట పుట్టించే పదార్థం రెండు గ్రాముల పైచిలుకు మాత్రమే. మందుల కంపెనీలు, సుగంధ ద్రవ్యాల కర్మాగారాలు డబ్బు పెట్టేది ఆ రెండు గ్రాముల కోసం. మన రైతుకు డబ్బు వచ్చేది టిక్కీ, అంటే మిర్చి బస్తా, బరువును, కంటి అంచనాను బట్టి. మొక్క లోపలి సూక్ష్మ పదార్థాలను లక్ష్యంగా పెట్టుకుని ప్రపంచమంతటా కొత్త వంగడాలు పుడుతున్న ఈ రోజుల్లో నల్లరేగడి నేలల రైతు ఎక్కడున్నాడు? ఎక్కడుండాలి?

జనవరి చివరికొచ్చేసరికి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారులన్నీ ఎర్రబడతాయి. పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి రాత్రంతా లారీలూ ట్రాక్టర్లూ వస్తూనే ఉంటాయి. తెల్లారేసరికి కమీషన్‌ దుకాణాల ముందు టిక్కీలు బారులు తీరి ఉంటాయి. కొనుగోలుదారు టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయలు తీస్తాడు. వెలుతురులో రంగు చూస్తాడు. ఒకటి విరిచి తేమ అంచనా కడతాడు. తాలు ఎంత, తొడిమ ఎలా ఉంది, కాయ సాఫీగా ఉందా ముడతపడిందా అన్నీ చూసి ధర చెబుతాడు. నారు పోసిన నాటి నుంచి కల్లంలో ఆరబెట్టిన రోజు దాకా రైతు పడ్డ పాటుకు విలువ ఆ కాసేపట్లోనే తేలిపోతుంది.

ఏళ్ల తరబడి కాయను చూసి చూసి సాన పట్టిన కన్ను అది. దాన్ని తక్కువ చేయలేం. కానీ అదే కాయ మిరప సారం తీసే ఓలియోరెజిన్‌ కర్మాగారానికి చేరాక పరీక్ష పూర్తిగా మారిపోతుంది. నమూనాను పొడి చేస్తారు, ద్రావకంలో సారం దించుతారు, హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలోకి పంపుతారు. మంట పదార్థం ఎంత శాతం, ఎరుపు ఎన్ని యూనిట్లు అన్నది అంకెల్లో వస్తుంది. కర్మాగారం లాభనష్టాలు ఆ అంకెల మీదే ఆధారపడతాయి. స్పైసెస్‌ బోర్డు ప్రకటించిన వివరాల ప్రకారం గుంటూరు సన్నం ఎస్‌4 రకంలో మంట పదార్థమైన క్యాప్సైసిన్‌ 0.226 శాతం. అంటే క్వింటాలు ఎండుమిర్చిలో 226 గ్రాములు. రంగు విలువ 32.11. ఈ రెండు అంకెలూ రైతు చేతికొచ్చే చీటీ మీద ఎక్కడా కనిపించవు.

ఈ కథనం ఆ అంకెల గురించే. వాటిని విత్తనంలోనే పెంచవచ్చా, మార్చవచ్చా, మారిస్తే ఆ ఫలం ఎవరికి దక్కాలి అన్న ప్రశ్నల గురించి.

తెల్ల పొరలో తయారయ్యే మంట

మిరపకాయను నిలువునా చీలిస్తే గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తని పొర కనిపిస్తుంది. మంట పుట్టేది అక్కడే. గింజలు కారమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పొరను ఆనుకుని ఉండటం వల్ల వాటికి ఘాటు అంటుతుంది. పూత వచ్చిన ఇరవై రోజుల తర్వాత నుంచి ఈ పొరలోని కణాలు మంట పదార్థాలను కూడబెట్టడం మొదలుపెడతాయి.

ఇవి ఒకటి కాదు, ఒక కుటుంబం. పెద్దన్న క్యాప్సైసిన్‌. తర్వాతిది డైహైడ్రోక్యాప్సైసిన్‌. మామూలు మిరపలో మొత్తం మంటలో దాదాపు తొంభై శాతం ఈ రెండింటిదే. మిగిలిన కొద్ది భాగాన్ని నార్‌డైహైడ్రోక్యాప్సైసిన్‌, హోమోక్యాప్సైసిన్‌, హోమోడైహైడ్రోక్యాప్సైసిన్‌ వంటివి పంచుకుంటాయి. పరిమాణంలో చిన్నవే కానీ నాలుక మీద వాటి తీరు వేరు. ఒకటి వెంటనే చురుక్కుమనిపించి పోతుంది. మరొకటి గొంతులో చాలాసేపు నిలిచిపోతుంది. రెండు రకాల మిరపల్లో ఒకే స్థాయి కారం ఉన్నా తినేవాళ్లకు వేర్వేరుగా అనిపించడానికి ఈ పాళ్ల తేడా కూడా ఒక కారణం.

మొక్క ఇంత శ్రమపడి మంటను ఎందుకు తయారు చేసుకుంటుంది? అడవి మిరప గింజ ఎలుకల వంటి జంతువుల పళ్ల కింద పడితే నలిగిపోతుంది. పక్షి మింగితే చెక్కుచెదరకుండా దూరాన పడి మొలకెత్తుతుంది. పక్షులకు ఈ మంట తెలియదు, క్షీరదాలకు తెలుస్తుంది. గింజను కుళ్లబెట్టే శిలీంధ్రాన్ని కూడా ఈ పదార్థమే అడ్డుకుంటుందని బొలీవియా అడవి మిరపల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. మన శరీరంలో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్నే మిరప కూడా తట్టి లేపుతుందని 1997లో డేవిడ్‌ జూలియస్‌ బృందం కనిపెట్టింది. ఆ పరిశోధనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్‌ దక్కింది. నరాల నొప్పికి అతికించే ఎనిమిది శాతం క్యాప్సైసిన్‌ పట్టీని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లోనే అనుమతించింది. మన కూరలో పడే కారానికీ ఆసుపత్రిలోని ఆ పట్టీకీ పనిచేసే పదార్థం ఒకటే.

కొలవగలిగాకే మారింది చరిత్ర

మిరప నుంచి ఈ ఘాటు పదార్థాన్ని మొదట 1816లో వేరుచేసింది జర్మన్‌ రసాయనవేత్త బుకోల్జ్‌. దానికి క్యాప్సైసిన్‌ అని పేరు పెట్టింది 1876లో బ్రిటన్‌కు చెందిన థ్రెష్‌. ఎంత కారం ఉందో లెక్కించే పద్ధతి 1912లో విల్బర్‌ స్కోవిల్‌ అనే ఔషధ శాస్త్రవేత్త తెచ్చాడు. మిరప సారాన్ని చక్కెర నీటిలో పల్చన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్లకు మంట తెలియని స్థాయి ఏదో పట్టుకోవడమే ఆ పద్ధతి. మనుషుల నాలుక మీద ఆధారపడిన లెక్క కాబట్టి మనిషికీ మనిషికీ మారేది. యంత్రాలు వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. కుటుంబంలోని ఒక్కో పదార్థమూ ఎంత ఉందో విడివిడిగా తెలియడం మొదలైంది.

వంగడాలు రూపొందించేవాళ్లకు ఇది చాలా పెద్ద మలుపు. దేన్ని కొలవగలమో దాన్నే ఏరుకోగలం. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు, కాయ ఎంత పొడవు, ఏ పురుగును తట్టుకుంటుంది అన్నవి కంటితోనో కాటాతోనో తేలతాయి. కాయ లోపల ఏ పదార్థం ఏ పాళ్లలో ఉందో తెలియాలంటే ప్రయోగశాల కావాలి. అది అందుబాటులోకి వచ్చిన దేశాల్లో బ్రీడర్లు మొక్కను చూసే తీరే మారిపోయింది. దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ మిరప పొలంలో దొరకదు. గంజాయి మొక్కలో దొరుకుతుంది.

తూము మూస్తే నీరు ఎటు పోతుంది?

గంజాయి మొక్కలో కన్నబినాయిడ్లు అనే పదార్థాలు వందకు పైగా ఉన్నాయి. మత్తు కలిగించే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌ శాస్త్రవేత్తలు గావోనీ, మెషులం శుద్ధరూపంలో వేరుచేశారు. మత్తు లేని సీబీడీతో తయారైన మూర్ఛ మందుకు 2018లో అమెరికా అనుమతి లభించింది. ఈ రెండే పెద్దవి. సీబీజీ, సీబీసీ, టీహెచ్‌సీవీ వంటివి మామూలు మొక్కలో లేశమాత్రంగా ఉంటాయి. అంత తక్కువ పరిమాణంలో తీయడం ఖర్చుతో కూడిన పని. అందుకని బ్రీడర్లు తిరగేసి ఆలోచించారు: ఆ చిన్న పదార్థమే ప్రధానంగా ఉండే మొక్కను తయారు చేయలేమా?

చేశారు. ఇందులో ఉన్న కిటుకు మన రైతుకు ఇట్టే అర్థమవుతుంది. సాగర్‌ కుడికాలువలో ఒక మేజరు తూము మూసేస్తే ఆ నీరు ఆగిపోదు, వెనక నిండి మరో తూముకు మళ్లుతుంది. మొక్కలో రసాయనాల నడక కూడా అలాంటిదే. గంజాయిలో సీబీజీ ఆమ్లం మూల పదార్థం. ఒక ఎంజైము దాన్ని టీహెచ్‌సీ వైపు, మరొకటి సీబీడీ వైపు మళ్లిస్తాయి. ఆ రెండు ఎంజైములూ పనిచేయని మొక్క దొరికితే మూల పదార్థం ఎటూ పోలేక పేరుకుపోతుంది. 1987లో ఫ్రాన్స్‌లో ఫూర్నియే బృందం నార కోసం పెంచే హెంప్‌లో సరిగ్గా అలాంటి మొక్కను గుర్తించింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌, బ్రిటన్‌లలో పనిచేసిన ఎటియెన్‌ డి మైయర్‌ ఈ గుణాలు తరం నుంచి తరానికి ఎలా వస్తాయో 2003 నుంచి వరుస పరిశోధన పత్రాల్లో వివరించాడు. సీబీజీ ప్రధానంగా ఉన్న మొక్కలు, సీబీసీ ఎక్కువగా ఉన్న మొక్కలు, అసలు కన్నబినాయిడ్లే లేని మొక్కలు కూడా ఆ పనిలో భాగంగా వచ్చాయి. ఇందులో ఎక్కడా జన్యు మార్పిడి లేదు. వేల మొక్కలను ఓపికగా పరీక్షించడం, సరైన జంటను కలపడం, తరాల తరబడి ఏరడం. పాత పద్ధతే, కొత్త కొలత తోడైంది.

అదే కథ మిరపలోనూ జరిగింది, అదీ మన ఆసియాలోనే. థాయ్‌లాండ్‌ నుంచి వచ్చిన సీహెచ్‌-19 అనే బాగా కారం ఉన్న మిరప నుంచి క్యోటో విశ్వవిద్యాలయంలో సుసుము యజావా ఒక కారం లేని రకాన్ని ఏరి స్థిరపరిచాడు. 1989లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. పేరు సీహెచ్‌-19 స్వీట్‌. పరీక్షిస్తే అందులో క్యాప్సైసిన్‌ బదులు క్యాప్సియేట్‌ అనే దగ్గరి చుట్టం సమృద్ధిగా కనిపించింది. ఈ రకంలో పీఏఎంటీ అనే ఒక్క జన్యువు దెబ్బతింది. దాంతో మంట వైపు వెళ్లాల్సిన ముడిసరుకు పక్కదారి పట్టి క్యాప్సియేట్‌గా మారింది. దాని ఘాటు క్యాప్సైసిన్‌లో వెయ్యో వంతు. శరీరం మీద ప్రభావాల్లో కొన్ని మాత్రం క్యాప్సైసిన్‌ను పోలినవే. జపాన్‌ కంపెనీ అజినొమోటో దీన్ని ఆహార అనుబంధంగా అమ్మింది.

ఒక్క జన్యువులో మార్పు, ఓపికగా చూసిన ఒక్క కన్ను. ఆ రెండూ కలిసి మిరపకు పూర్తిగా కొత్త మార్కెట్‌ తెచ్చాయి. ఇన్ని లక్షల ఎకరాల్లో మిరప పండే మన దేశంలో అలాంటి మొక్కలు పుట్టి ఉండవని ఎలా అనుకోగలం? పుట్టినా, కారం లేదని కూలీలు పక్కన పారేసి ఉంటారు. చూసే ఏర్పాటు లేని చోట అరుదైన మొక్క కల్తీ మొక్కగానే లెక్క.

దగ్గుబాడులో లైసెన్సు గంజాయి

*గుంటూరు, ప్రకాశం మెట్టలకు గంజాయి మొక్క కొత్తేమీ కాదు. 1893–94లో బ్రిటిష్‌ ప్రభుత్వం నియమించిన ఇండియన్‌ హెంప్‌ డ్రగ్స్‌ కమిషన్‌ 1,193 మంది సాక్షులను విచారించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి సాగు గురించి రాస్తూ, ఉత్తర ఆర్కాటు జవ్వాది కొండలతో పాటు అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడును ప్రస్తావించింది. ఆ ఊరు నేటి కారంచేడు మండలంలోనిది.*

*గంజాయి పండించే రైతులు చాలాచోట్ల మగ మొక్కలను ముందే గుర్తించి పీకేసేవారు. పుప్పొడి తగలని ఆడ మొక్క గింజ కట్టదు, పూగుత్తిలో జిగురు పెరుగుతుంది. మొక్క లోపలి పదార్థాన్ని పెంచే సేద్యం అంటే అదే. ప్రయోగశాల లేని కాలంలో చేత్తో చేసిన పని.*

*స్వతంత్ర భారతంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్‌ చట్టం అనుమతి లేని గంజాయి సాగును నేరం చేసింది. పరిశోధన, నార అవసరాలకు చట్టంలోనే దారి ఉంది. ఉత్తరాఖండ్‌ 2018లో నార గంజాయికి లైసెన్సు ఇచ్చింది. జమ్మూలోని సీఎస్‌ఐఆర్‌ సంస్థ ట్రిపుల్‌ ఐఎం ఔషధ పరిశోధనకు గంజాయిని పెంచుతోంది. తూర్పు కనుమల్లో అక్రమ సాగు వల్ల గిరిజన యువకులు జైళ్లపాలవుతున్న మన రాష్ట్రంలో ఆ మొక్క జోలికి వెళ్లే అవసరం మెట్ట రైతుకు లేదు. అందిపుచ్చుకోవలసింది ఆ మొక్క మీద జరిగిన శాస్త్రాన్ని. దాన్ని వాడుకోవడానికి మన చేతిలో ఏ లైసెన్సూ అక్కర్లేని పంట ఉంది.*

లాం ఇచ్చిన వారసత్వం

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. మన మిరప చరిత్రలో సగం అక్కడే రాసి ఉంది. జీ4 అని రైతులు పిలుచుకున్న భాగ్యలక్ష్మి, జీ5 ఆంధ్రజ్యోతి, ఆ తర్వాత సింధూర్‌, అపర్ణ, భాస్కర్‌, ప్రకాశ్‌, ఎల్‌సీఏ 334, ఎల్‌సీఏ 353, ఎల్‌సీఏ 620, ఎల్‌సీఏ 625... ఎన్నో రకాలు ఆ పొలాల నుంచే వచ్చాయి. 334 అంటే యార్డులో ఇప్పటికీ ఒక గౌరవం. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇప్పుడు మిరప పరిశోధనను వైఎస్సార్‌ ఉద్యాన విశ్వవిద్యాలయం లాంలోని తన కేంద్రం ద్వారా నడుపుతోంది.

లాం శాస్త్రవేత్తలు దేని కోసం ఏరారో ఒకసారి చూడాలి. దిగుబడి, వర్షాభావాన్ని తట్టుకోవడం, తెగుళ్లు, కాయ రూపం, ఎండాక నిలిచే రంగు. అప్పటి రైతుకు అవే కావాలి. ఈ వంగడాలు కొన్ని లక్షల కుటుంబాలను నిలబెట్టాయి. ఆ పునాది మీద రెండో అంతస్తు వేయవలసిన సమయం ఇది.

ఎందుకంటే మార్కెట్‌ ఇప్పటికే రెండుగా చీలింది. మంట కావాల్సినవాళ్లు తేజ రకం కోసం వెతుకుతారు. చైనా కొనుగోళ్లలో పెద్ద వాటా తేజదే. రంగు కావాల్సినవాళ్లు కర్ణాటక బ్యాడగి వైపు చూస్తారు. మన యార్డులో బాడిగ అంటే అదే. స్పైసెస్‌ బోర్డు లెక్కలో బ్యాడగి రంగు విలువ 159.9, ఘాటు నామమాత్రం. సన్నంతో పోలిస్తే రంగు దాదాపు అయిదు రెట్లు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్‌ చపాటా, అదే టమాటా మిర్చి, కూడా రంగు కోవలోదే. ఈ ఎరుపుకు కారణం క్యాప్సాంతిన్‌, క్యాప్సోరుబిన్‌ అనే వర్ణకాలు. సాస్‌లు, మాంసాహార ఉత్పత్తులు, కోళ్ల దాణా దాకా వీటికి గిరాకీ ఉంది.

రంగుకు ఎంత విలువ ఉందో తెలుసుకోవాలంటే దాని కోసం జరిగిన మోసాన్ని గుర్తు చేసుకుంటే చాలు. 2003లో మన దేశం నుంచి యూరప్‌ చేరిన కారంలో సుడాన్‌ అనే నిషిద్ధ రంగు బయటపడింది. 2005లో బ్రిటన్‌లో వందల ఆహార ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఈ కల్తీ బయటపడ్డాకే ఎగుమతి సరుకుకు పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. సహజంగానే రంగు నిండిన కాయ పొలంలో పండితే ఆ కల్తీకి ఆస్కారమే ఉండదు. వంగడం బాగుంటే వ్యాపారం నిజాయతీగా ఉండటం తేలికవుతుంది.

ఓలియోరెజిన్‌ పరిశ్రమ కూడా మనకు దూరంగా లేదు. 1972లో కేరళ కోలంచేరిలో మొదలైన సింథైట్‌ సంస్థ ఒంగోలు దగ్గర యూనిట్‌ పెట్టింది. ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్‌ పార్కు ఉంది. కాయ ఇక్కడిది, కర్మాగారం ఇక్కడిది, పరిశోధన కేంద్రం ఇక్కడిది. ఈ మూడింటినీ కలిపే తాడు ఒక్కటే లేదు: గుణాన్ని బట్టి ధర.

పక్క చేలల్లో అదే పాఠం

మిరప ఒక్కదానికే ఈ మాట వర్తిస్తుందనుకోనక్కర్లేదు. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు చేలున్నాయి. పొగాకు ఆకులో సోలనెసోల్‌ అనే పదార్థం ఉంది. గుండె ఆరోగ్యం కోసం మందుల దుకాణాల్లో అమ్మే కోఎంజైమ్‌ క్యూ10 తయారీకి అది ముడిసరుకు. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా ఏర్పడిన కేంద్రం శాస్త్రవేత్తలు సోలనెసోల్‌ ఎక్కువగా ఉన్న రకాల మీద ఎప్పటి నుంచో పనిచేస్తున్నారు. పొగ తాగడం తగ్గాలని అందరం కోరుకుంటున్న కాలంలో పొగాకు రైతు బతకాలంటే ఆకుకు ఇలాంటి మంచి ఉపయోగాలు దొరకాలి.

పత్తిది మరో దారి. పత్తి గింజలో మాంసకృత్తులు దండిగా ఉన్నా గాసిపోల్‌ అనే విషపదార్థం వల్ల మనుషులు, కోళ్లు తినలేరు. పశువులు మాత్రం కొంతవరకు తట్టుకుంటాయి. ఆకుల్లో అదే గాసిపోల్‌ పురుగుల నుంచి మొక్కకు రక్షణ. గతంలో గాసిపోల్‌ గ్రంథులు అసలే లేని పత్తిని తయారు చేస్తే పురుగులు ఎగబడి తినేశాయి. టెక్సాస్‌ ఏ అండ్‌ ఎం విశ్వవిద్యాలయంలో కీర్తి రాథోడ్‌ బృందం గింజలో మాత్రమే అది తగ్గేలా, ఆకులో యథాతథంగా ఉండేలా జన్యు సాంకేతికతతో మొక్కను రూపొందించింది. అమెరికాలో 2018లో సాగుకు, 2019లో ఆహారంగా వాడటానికి అనుమతి వచ్చింది. దశాబ్దాల కృషి ఫలం అది. మొక్కలోని ప్రతి పదార్థానికీ మొక్క బతుకులో ఒక పని ఉందని, దాన్ని కదిలించేటప్పుడు ఆ పని చెడకుండా చూడాలని ఈ పత్తి నేర్పుతుంది. మిరపలో మంట తగ్గించినా పెంచినా ఇదే జాగ్రత్త కావాలి.

తేలికైన పని కాదు

మిరపలో మంట ఉండాలా వద్దా అన్నది ప్రధానంగా ఒక్క జన్యువు చేతిలో ఉంది. పన్‌1 అనే ఆ జన్యువును 2005లో గుర్తించారు. ఎంత మంట అన్నది మాత్రం చాలా జన్యువుల ఉమ్మడి వ్యవహారం. దానికి తోడు నేల, నీరు, ఎండ అన్నీ కలగజేసుకుంటాయి. ఒకే విత్తనం నల్లరేగడిలో ఒకలా, ఎర్రచెలకలో మరోలా పలుకుతుంది. నీటి ఎద్దడి పడిన చేలో కారం పెరగవచ్చు, దిగుబడి పడిపోతుంది. మరీ పండి చెట్టు మీదే నిలిచిన కాయలో ఘాటు తగ్గుతుంది. కాబట్టి ఒక మొక్క గొప్పదని తేల్చాలంటే నాలుగైదు చోట్ల, రెండు మూడు సీజన్లు పండించి చూడాలి.

మిరప పూవుకు తేనెటీగలు పక్క చేల పుప్పొడి తెస్తాయి. వల కట్టి, పూవును మూసి కాపాడకపోతే రకం శుద్ధి నిలవదు. ఒక సంకరం నుంచి స్థిరమైన వంగడం రావడానికి ఆరేడు తరాలు పడుతుంది. ఏడాదికి ఒక పంట చొప్పున చూస్తే ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితంలో ఇలాంటి ప్రయత్నాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. 2014లో మిరప జన్యుక్రమం వెలువడ్డాక నారు దశలోనే ఆకు ముక్క తీసి గుణాన్ని అంచనా వేసే మార్కర్‌ పద్ధతులు మెరుగయ్యాయి. అవి కాలాన్ని కొంత కుదిస్తాయి, పొలంలో పరీక్షకు మాత్రం ప్రత్యామ్నాయం కావు.

అన్నిటినీ మించి చేలో మొక్క బతకాలి. 2021లో గుంటూరు జిల్లా చేలల్లో కొత్త రకం నల్ల తామర పురుగు బయటపడింది. ఆ ఏడాది చివరికల్లా అది మిరప పూతను ఊడ్చేసింది. పురుగుమందులకు లొంగలేదు. చాలామంది తోటలు దున్నేశారు. అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలను పల్నాడులో ఊరూరా చూశాం. ఎంత విలువైన పదార్థం కాయలో ఉన్నా పూత నిలవని మొక్కతో రైతుకు పనిలేదు. గుణమూ తట్టుకునే శక్తీ ఒకే మొక్కలోకి తేవడమే ఇప్పటి బ్రీడర్‌ ముందున్న అసలు పరీక్ష. పటాన్‌చెరులోని ప్రపంచ కూరగాయల కేంద్రం విభాగం, బెంగళూరు ఐఐహెచ్‌ఆర్‌ ఆకుముడతను తట్టుకునే మిరపల మీద చేసిన పని ఇందుకు చేయూత అవుతుంది.

పాలకు కొలత ఉంది, మిర్చికి ఎందుకు లేదు?

మన ఊళ్లలో పాల కేంద్రానికి వెళ్తే వెన్న శాతం కొలిచి డబ్బు ఇస్తారు. ఎక్కువ వెన్న ఇచ్చే గేదెకు ఎక్కువ రాబడి. ఆ ఒక్క ఏర్పాటు వల్ల రైతు మంచి జాతి గేదెను కొన్నాడు, మంచి దాణా పెట్టాడు. గుణానికి డబ్బు వస్తుందని తెలిస్తే రైతు గుణాన్నే పండిస్తాడు. మిర్చికి కూడా అదే జరగాలి.

ఇందుకు కావాల్సిన సామగ్రి చాలావరకు ఉంది. స్పైసెస్‌ బోర్డు నాణ్యతా ప్రయోగశాల గుంటూరులోనే ఉంది. ఎగుమతిదారుల నమూనాలను పరీక్షించే ఆ అనుభవాన్ని రైతు సంఘాల నమూనాలకూ విస్తరించవచ్చు. ప్రతి టిక్కీనీ హెచ్‌పీఎల్‌సీలో పెట్టాల్సిన పనిలేదు. సరిగ్గా క్రమాంకనం చేసుకుంటే పరారుణ కాంతితో పనిచేసే చిన్న యంత్రాలు కారం పొడి గుణాన్ని వేగంగా అంచనా వేస్తాయి. ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకే రకం వేసి, ఒక లాటుగా ఆరబెట్టి, పరీక్ష పత్రంతో అమ్మకానికి పెడితే కర్మాగారం నేరుగా బేరమాడుతుంది. మధ్యలో ఊహలకు చోటుండదు.

ధరల ఒడిదుడుకులు చూస్తే ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. తామర పురుగు దెబ్బకు పంట తగ్గాక 2023 సీజన్‌లో క్వింటాలు ఇరవై వేలు దాటింది. ఆశతో సాగు పెరిగింది. 2025 వచ్చేసరికి ధర కుప్పకూలింది. కేంద్రం మార్కెట్‌ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించాల్సి వచ్చింది. ప్రధానంగా బరువు మీదే ఆధారపడిన పంటకు దిగుబడి పెరగడమే శాపమవుతుంది. ఎక్కువ రంగు ఉన్న కాయ, ఎక్కువ ఘాటు ఉన్న కాయ, కొత్తగా క్యాప్సియేట్‌ ఉన్న కాయ అంటూ మార్కెట్లు వేరైతే ఒకదాని పతనం మిగతావాటిని ముంచదు.

మరి ఈ విత్తనం ఎవరి చేతిలో ఉండాలి? ఇవాళ మిరప సాగులో ఎక్కువ భాగం ప్రైవేటు హైబ్రిడ్లదే. ఏటా కొనాల్సిందే, నకిలీ విత్తనం తగిలితే ఏడాది పోయినట్లే. గంజాయిలో చిన్న కన్నబినాయిడ్ల వంగడాల మీద విదేశాల్లో పేటెంట్ల పోటీ నడుస్తోంది. మిరపలోని చిన్న పదార్థాలకూ ఆ రోజు రావచ్చు. అంతకుముందే ఆ పని మన ప్రభుత్వ కేంద్రాల్లో మొదలవ్వాలి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతు కాపాడిన రకాన్ని రైతు పేరున నమోదు చేసే వీలు కల్పించింది. దాని నుంచి కొత్త వంగడం పుడితే లాభంలో వాటా కోరే హక్కూ ఇచ్చింది. మార్కాపురం, దర్శి, వినుకొండ మెట్టల్లో ఇంకా ఇంటి విత్తనం దాచుకునే కుటుంబాలున్నాయి. ఆ పాత రకాల్లో ఏ పదార్థం ఏ పాళ్లలో ఉందో ఒక్కసారి సమగ్రంగా పరీక్షించాలి. అందులో దొరికేది ఆ కుటుంబాల ఆస్తిగా నమోదు కావాలి.

ఈ పనికి కావాల్సినవి నాలుగు. లాంలో మిరప పదార్థాల కోసమే ఒక ప్రయోగశాల, అందులో రసాయన శాస్త్రం తెలిసిన బ్రీడర్లు. యార్డులో రంగు, ఘాటు చూపించే పరీక్ష పత్రం. పదేళ్ల పాటు ప్రభుత్వాలు మారినా ఆగని నిధులు. నాలుగోది, పరిశోధన ఫలితం విత్తనంగా మారినప్పుడు మొదటి సంచి రైతు సంఘాలకే అందాలన్న నియమం. క్యోటోలో ఒక్క మొక్కను ఓపికగా పట్టుకున్నందుకు మిరపకు కొత్త బతుకు వచ్చింది. అంతకన్నా ఎన్నో రెట్లు మొక్కలు మన చేలల్లో ఉన్నాయి, వాటిని నారు నుంచి కల్లం దాకా పేరుపేరునా ఎరిగిన రైతులున్నారు. కాయ లోపలి విలువను కొలిచి వాళ్ల చేతిలో పెట్టడం ఈ రాష్ట్రం వాళ్లకు తీర్చాల్సిన బాకీ.